బరువును పంచిన ఇంజనీరు

గోల్ఫు ఆటలో బంతిని గుంటలోనికి మెల్లగా దొర్లించు కఱ్ఱకు పట్టర్ అని పేరు. 18 గుంటల ఆటకు 72 దెబ్బలు లెక్క అయినచో, అందు 36 దెబ్బలు దీనివే. బంతి పట్టర్ తల నడుమ గాక అంచున తగిలినచో, తల మెలిదిరిగి బంతి దారి తప్పును.

నార్వేలో జన్మించి, అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా నుండిన కార్‌స్టెన్ సోల్హైమ్ 1959లో దీనికి విరుగుడు కనిపెట్టెను. తల బరువును ఆయన రెండు కొసలకు పంచెను. తాడుపై నడచువాని పొడవైన గడ త్వరగా తిరుగదు కదా. ఈ తలయు అట్లే నిలకడగా నుండెను. బంతి తగిలినపుడు మ్రోగిన 'పింగ్' ధ్వనియే దాని పేరయ్యెను. 1966లో ఆయన రూపొందించిన 'ఆన్సర్' నమూనాను నేటికిని పలువురు తయారీదారులు అనుసరించుచున్నారు.

సీసపు పట్టీ నంటించి పట్టర్ బరువును సరిచేసికొను ఆటగాడు, బరువెంత యనుటతోపాటు అది యెచ్చట నుండవలెనో కూడ యోచింపవలెను.