రౌటర్‌కు తగిలించే హార్డ్ డిస్క్: ఫార్మాట్‌కు ముందు, తరువాత చూసుకోవలసినవి

కోవిల్పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లోని మన తెలుగు ఇళ్లలో ఫైబర్ ఇంటర్నెట్ ఇప్పుడు మామూలైంది. దాంతోపాటు ఇచ్చే రౌటర్లలో చాలావాటికి వెనకో పక్కనో ఒక యూఎస్‌బీ పోర్టు ఉంటుంది. అక్కడ హార్డ్ డిస్క్‌గానీ పెన్ డ్రైవ్‌గానీ తగిలిస్తే, అందులోని ఫోటోలు, పాటలు, వీడియోలు ఇంట్లోని ఫోన్లు, కంప్యూటర్లు, టీవీ అన్నిటికీ అందుతాయి. కొత్తగా కంప్యూటర్ కొనక్కర్లేదు, నెలనెలా అద్దె కట్టక్కర్లేదు.

మా సంఘం కొంతకాలంగా సభ్యులను ఒక మాట అడుగుతోంది. పాత పెళ్లి వీడియోలు, కులదేవత కొలుపు ఫోటోలు, అవ్వాతాతల మాటలున్న క్యాసెట్లు కంప్యూటర్‌కు ఎక్కించి ఒకచోట పెట్టుకోండని. అలా ఎక్కించినవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్న ఈ డిస్క్ గురించే: ఏ ఫార్మాట్ పెట్టాలి, ఫార్మాట్ చేస్తే ఉన్నవి పోతాయా, రౌటర్‌లో ఎందుకు కనబడటం లేదు? వాటికి జవాబులు వరుసగా ఇక్కడ ఇస్తున్నాము.

ఇంత జాగ్రత్త ఎందుకు

2011 జనాభా లెక్కల ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు సుమారు 42 లక్షలు. కానీ 2006 నాటి చట్టంతో బడుల్లో 1వ తరగతి నుంచి తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మన పిల్లల్లో తెలుగు మాట్లాడేవాళ్లున్నారు, చదివేవాళ్లు తక్కువ. అందుకే మన కరిసల్ సీమ తెలుగు కాగితం మీద కంటే గొంతుల్లోనే ఎక్కువగా ఉంది.

కోవిల్పట్టి పక్కన ఇడైసెవల్‌లో తెలుగు ఇంట పుట్టిన కి. రాజనారాయణన్ తమిళంలో రాసి 1991లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్నారు. ఈ నల్లరేగడి సీమ జనం నోటి మాటలు ఏరి ఒక నిఘంటువే కూర్చారు. అంత పని అందరివల్లా కాదు. మన ఇంటి పెద్దల గొంతు ఉన్న ఫైలును పోగొట్టుకోకుండా ఉండటం మాత్రం ఎవరివల్లనైనా అవుతుంది. అది పోయే చోట్లలో మొదటిది ఫార్మాట్ బటన్.

ఫార్మాట్ అంటే ఏమిటి

పాత ఆఫీసు రికార్డు గది ఊహించుకోండి. అరల నిండా కట్టలు, ఏ కట్ట ఏ అరలో ఉందో చెప్పే ఇండెక్స్ రిజిస్టర్ ఒకటి. క్విక్ ఫార్మాట్ చేస్తే ఆ రిజిస్టర్ తీసేసి ఖాళీ రిజిస్టర్ పెట్టినట్టు. కట్టలు అరల్లోనే ఉంటాయి, కానీ అక్కడ ఏమీ లేదనుకుని కొత్త కట్టలు పెడుతూ పోతే పాతవి నశిస్తాయి. ఫుల్ ఫార్మాట్ అలా కాదు. విండోస్ విస్టా నుంచి అది డిస్క్ అంతటా సున్నాలు రాసేస్తుంది. ఆ తరువాత తిరిగి తెచ్చుకోవడం కుదరదు.

కాబట్టి పొరపాటున క్విక్ ఫార్మాట్ జరిగిపోతే ఆ డిస్క్ మీద ఇంకేమీ రాయకండి. వెంటనే తీసి పక్కన పెట్టి, డేటా రికవరీ తెలిసినవారికి చూపించండి. హార్డ్ డిస్క్ అయితే దొరికే అవకాశం బాగానే ఉంటుంది, ఎస్‌ఎస్‌డీ అయితే చాలా తక్కువ.

ముఖ్యమైన హెచ్చరిక

డిస్క్‌ను కంప్యూటర్‌కు తగిలించగానే విండోస్ ఒక్కోసారి "వాడాలంటే ముందు ఈ డిస్క్‌ను ఫార్మాట్ చేయాలి" అని అడుగుతుంది. డిస్క్ చెడిపోయిందనో ఖాళీగా ఉందనో దానర్థం కాదు. విండోస్ దాన్ని చదవలేకపోతోందని మాత్రమే. రౌటర్ తన పద్ధతిలో ఫార్మాట్ చేసిన డిస్క్‌కు ఈ ప్రశ్న రావచ్చు, లోపల ఫైళ్లన్నీ క్షేమంగా ఉన్నా సరే. అలాంటప్పుడు "క్యాన్సిల్" నొక్కండి. డిస్క్‌ను మళ్లీ రౌటర్‌కే తగిలించి చూడండి. ఇంట్లో పిల్లలకూ ఈ మాట చెప్పి ఉంచండి.

నాలుగు రకాల ఫార్మాట్లు

ఫ్యాట్ 32: దాదాపు అన్ని రౌటర్లు, టీవీలు చదువుతాయి. కానీ ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. ఫోటోలకు, పాటలకు చాలు. పెళ్లి వీడియో క్యాసెట్‌ను డీవీ పద్ధతిలో ఎక్కిస్తే గంటకు సుమారు 13 జీబీ అవుతుంది కనుక ఆ ఫైలు ఇందులో పట్టదు.

ఎక్స్‌ఫ్యాట్: 4 జీబీ అడ్డు లేదు. విండోస్, మ్యాక్, కొత్త ఫోన్లు అన్నీ చదువుతాయి. అయితే మైక్రోసాఫ్ట్ దీని వివరాలను 2019లోనే బహిరంగం చేసింది. అంతకు ముందు తయారైన రౌటర్లలో చాలావాటికి ఇది తెలియదు. ఇంకో లోపం, రాస్తూ ఉండగా కరెంటు పోతే దెబ్బ తినే అవకాశం ఎక్కువ.

ఎన్‌టీఎఫ్‌ఎస్: విండోస్ సొంత పద్ధతి. పెద్ద ఫైళ్లు పడతాయి. ప్రతి మార్పునూ ముందుగా ఒక చిట్టాలో రాసుకుంటుంది కాబట్టి కరెంటు పోయినా సాధారణంగా కోలుకుంటుంది. మ్యాక్ కంప్యూటర్లు దీన్ని చదువుతాయి, రాయలేవు. కొన్ని పాత రౌటర్లూ అంతే.

ఈఎక్స్‌టీ4: లినక్స్ పద్ధతి. రౌటర్లు చాలావరకు లోపల లినక్స్ మీదే నడుస్తాయి కనుక వాటికి ఇది బాగా కుదురుతుంది. దీనికీ చిట్టా ఉంది. కానీ ఆ డిస్క్‌ను నేరుగా విండోస్ కంప్యూటర్‌కు తగిలిస్తే తెరుచుకోదు, పైన చెప్పిన ప్రశ్నే వస్తుంది.

మా సలహా ఇది. మీ రౌటర్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో రాయగలిగితే అదే పెట్టుకోండి. కరెంటు పోయినా తట్టుకుంటుంది, రౌటర్ చెడిపోయిన రోజు ఏ విండోస్ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది. లేదంటే ఎక్స్‌ఫ్యాట్, అదీ లేకపోతే ఫ్యాట్ 32. లినక్స్ తెలిసిన పిల్లలు ఇంట్లో ఉంటే తప్ప ఈఎక్స్‌టీ4 జోలికి వెళ్లవద్దు.

ఫార్మాట్‌కు ముందు

1. డిస్క్‌లో ఉన్నదంతా వేరే రెండు చోట్ల కాపీ చేయండి. కాపీ అయిందని వదిలేయకుండా నాలుగైదు ఫైళ్లు తెరిచి చూడండి, వినండి. ఫైళ్ల సంఖ్య, మొత్తం సైజు రెండు చోట్లా సరిపోయాయా అని కాగితం మీద రాసి సరిచూడండి.

2. రౌటర్‌తో వచ్చిన పుస్తకంలోగానీ కంపెనీ వెబ్‌సైట్‌లోగానీ ఏ ఫార్మాట్లు చదువుతుంది, ఎంత పెద్ద డిస్క్ పడుతుంది అన్నది చూడండి. డిస్క్ 2 టీబీ దాటితే జీపీటీ అనే విభజన పద్ధతి కావాలి. పాత రౌటర్లు కొన్ని దాన్ని గుర్తించవు. వాటికి 2 టీబీ లోపు డిస్కే మేలు.

3. కరెంటు సంగతి చూడండి. యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపులు, 3.0 పోర్టు 900 మిల్లీయాంపులు ఇవ్వాలని నియమం. పెన్ డ్రైవ్‌కు ఇది చాలు. జేబులో పట్టే హార్డ్ డిస్క్‌కు ఒక్కోసారి చాలదు. టిక్ టిక్ మని చప్పుడు చేస్తూ ఆగి ఆగి తిరుగుతుంటే కరెంటు చాలడం లేదని అనుమానించాలి. సొంత అడాప్టర్ ఉన్న యూఎస్‌బీ హబ్ మధ్యలో పెడితే సరిపోతుంది. అలా పెట్టినా చప్పుడు ఆగకపోతే డిస్కే చెడిపోతోందేమో, ముందు కాపీ తీసుకోండి.

ఫార్మాట్ చేసే వరుస

కొన్ని రౌటర్ల సెట్టింగుల పేజీలోనే ఫార్మాట్ బటన్ ఉంటుంది. అది ఏ పద్ధతిలో చేస్తుందో పేజీలో చెప్పకపోతే వాడకండి. కంప్యూటర్‌లో చేసుకోవడమే మంచిది.

1. మిగతా పెన్ డ్రైవ్‌లు, డిస్కులు అన్నీ తీసేయండి. ఫార్మాట్ చేయవలసినది ఒక్కటే తగిలించండి.

2. "దిస్ పీసీ" తెరిచి డిస్క్ పేరు, సైజు చూడండి. 1 టీబీ డిస్క్‌ను విండోస్ 931 జీబీ అని చూపిస్తుంది. లెక్క కట్టే తీరు వేరు, అంతే. లోపమేమీ కాదు.

3. దాని మీద మౌస్ కుడి బటన్ నొక్కి "ఫార్మాట్" ఎంచుకోండి. ఫైల్ సిస్టమ్ దగ్గర ఎన్‌టీఎఫ్‌ఎస్ పెట్టండి. 32 జీబీ దాటిన డిస్కులకు ఈ జాబితాలో ఫ్యాట్ 32 సాధారణంగా కనబడదు.

4. పేరు పెట్టేచోట చిన్న ఇంగ్లీషు పేరు ఒకటి రాయండి. మధ్యలో ఖాళీలు వద్దు. తెలుగు లిపి పేర్లను కొన్ని రౌటర్లు సరిగా చూపించవు.

5. కొత్త డిస్క్‌కు క్విక్ ఫార్మాట్ చాలు. వాడిన డిస్క్ అయితే ఒకసారి ఫుల్ ఫార్మాట్ చేస్తే చెడిన భాగాలు బయటపడతాయి. దానికి గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి.

6. డిస్క్ మొత్తాన్ని ఒకే భాగంగా ఉంచండి. రెండు మూడు ముక్కలు చేస్తే కొన్ని రౌటర్లు మొదటి ముక్కనే చూపిస్తాయి.

ఫైళ్లు నింపడం, రౌటర్‌లో అమర్చడం

మొదటిసారి ఫైళ్లన్నీ కంప్యూటర్ నుంచే నేరుగా డిస్క్‌లోకి ఎక్కించండి. రౌటర్ ద్వారా ఎక్కిస్తే చాలా ఆలస్యం. 100 ఎంబీపీఎస్ కేబుల్ మీద సెకనుకు 12.5 ఎంబీకి మించి పోదు, 100 జీబీకి రెండు గంటలు దాటుతుంది. వైఫై మీద ఒక్కోసారి ఇంకా ఎక్కువ పట్టవచ్చు.

చోటు ఎంత కావాలో కూడా ముందే లెక్క వేసుకోవచ్చు. 60 నిమిషాల ఆడియో క్యాసెట్‌ను సీడీ నాణ్యతతో వేవ్ ఫైలుగా ఎక్కిస్తే సుమారు 600 ఎంబీ. వంద క్యాసెట్లకు 60 జీబీ చాలు.

ఫోల్డర్ పేర్లు సంవత్సరం, ఊరు, సందర్భం అనే వరుసలో పెడితే వాటంతటవే కాలక్రమంలో సర్దుకుంటాయి. వీటితోపాటు ఒక జాబితా ఫైలు ఉంచండి. ఎవరి గొంతు, ఎవరి బిడ్డ, ఏ ఊరు, ఎవరు రికార్డు చేశారు అన్నవి అందులో రాయండి. తెలుగు చదవలేని పిల్లల కోసం తమిళంలో కూడా రాస్తే మంచిది. పేరు లేని గొంతు పాతికేళ్ల తరువాత ఎవరిదో చెప్పేవాళ్లు ఉండరు.

తరువాత డిస్క్‌ను రౌటర్‌కు తగిలించి బ్రౌజర్‌లో 192.168.1.1 లేదా 192.168.0.1 కొట్టండి. సరైన చిరునామా రౌటర్ అడుగున చీటీ మీద ఉంటుంది. యూఎస్‌బీ విభాగంలో ఫైల్ షేరింగ్ ఆన్ చేసి, యూజర్ పేరు, పాస్‌వర్డ్ పెట్టండి. టీవీలో చూడాలంటే మీడియా సర్వర్ కూడా ఆన్ చేయాలి. పిల్లల ఫోన్లకు చదవడానికి మాత్రమే అనుమతి ఇచ్చి, రాయడానికి, తుడవడానికి అనుమతి ఒక్కరికే ఉంచండి.

డిస్క్ కనబడకపోతే

విండోస్‌లో ఫోల్డర్ చిరునామా పట్టీలో \\192.168.1.1 అని కొట్టి చూడండి. ఫోన్‌లో అయితే వీఎల్‌సీ ఆప్‌లో లోకల్ నెట్‌వర్క్ కింద చూడండి.

అయినా రాకపోతే కారణం రౌటర్ పాతది కావడం కావచ్చు. పాత రౌటర్లు ఎస్‌ఎంబీ 1 అనే పాత పద్ధతిలో ఫైళ్లు పంచుతాయి. 2017 మే నెలలో వానాక్రై వైరస్ ప్రపంచమంతటా పాకింది ఆ పద్ధతిలోని లోపం గుండానే. ఆ ఏడాది చివరి నుంచి విండోస్ 10 కొత్తగా వేసినప్పుడు దాన్ని వేయడం లేదు. దాన్ని మళ్లీ ఆన్ చేసుకోమని ఎవరైనా చెబితే వినకండి. రౌటర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌డేట్ చేయండి, కుదరకపోతే రౌటర్ మార్చండి. పాస్‌వర్డ్ లేకుండా పంచిన ఫోల్డర్లను కూడా కొత్త విండోస్ ఒప్పుకోకపోవచ్చు. పాస్‌వర్డ్ పెడితే ఆ చిక్కు తీరుతుంది.

వీధి తలుపు తెరవకండి

రౌటర్ సెట్టింగుల్లో ఎఫ్‌టీపీ, రిమోట్ యాక్సెస్, క్లౌడ్ అనే పేర్లతో బయటి ఊళ్ల నుంచి కూడా డిస్క్ చూసే ఏర్పాట్లు ఉంటాయి. చెన్నైలోనో అమెరికాలోనో ఉన్న పిల్లల కోసం వీటిని ఆన్ చేయాలనిపిస్తుంది. వద్దు. 2014 ఫిబ్రవరిలో ఆసుస్ రౌటర్లలోని లోపాల ద్వారా 12,900 మందికి పైగా వినియోగదారుల డిస్కుల్లోకి బయటివాళ్లు ప్రవేశించారని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 2016లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఆ కంపెనీ 20 ఏళ్లపాటు బయటి తనిఖీకి ఒప్పుకోవలసి వచ్చింది. దూరాన ఉన్న పిల్లలకు కావలసిన ఫైలు విడిగా పంపించండి. రౌటర్ అడ్మిన్ పాస్‌వర్డ్ కూడా మార్చుకోండి, చీటీ మీద వచ్చినదే ఉంచకండి.

తీసేటప్పుడు, కరెంటు పోయినప్పుడు

డిస్క్‌ను ఊరికే లాగేయకండి. సెట్టింగుల పేజీలో "సేఫ్లీ రిమూవ్" నొక్కండి. ఆ బటన్ లేకపోతే రౌటర్ ఆపి, డిస్క్ తిరగడం ఆగాక తీయండి.

మరమ్మతుల కోసం కరెంటు బోర్డు సరఫరా ఆపే రోజు ముందే ప్రకటిస్తారు. ఆ ఉదయమే డిస్క్ తీసి ఉంచండి. రౌటర్‌కు చిన్న యూపీఎస్ ఉంటే అది రౌటర్‌నూ డిస్క్‌నూ కలిపి మోయగలదో లేదో చూసుకోండి.

బయటి హార్డ్ డిస్కులు చాలావాటికి తయారీదార్లు 35 డిగ్రీల వేడి వరకే పూచీ ఇస్తారు. మన ఎండాకాలంలో అది దాటడం రోజూ ఉన్నదే. వేడెక్కే రౌటర్ పైన డిస్క్ పెట్టకండి. పక్కన గాలి ఆడేచోట పెట్టండి.

ఒక్క డిస్క్ చాలదు

రౌటర్‌కు తగిలించినది అందరూ తెరిచే అలమారా. దస్తావేజులు దాచే ఇనప్పెట్టె కాదు. అందరూ వాడేదే ముందు చెడుతుంది. మూడు కాపీలు, రెండు రకాల సాధనాల మీద, ఒకటి వేరే ఊళ్లో ఉండాలన్నది ఈ పని తెలిసినవాళ్లు పాటించే లెక్క.

మనకు ఇది కష్టం కాదు. కోవిల్పట్టి కుటుంబాలకు విరుదునగర్‌లో, అక్కడివాళ్లకు ఇక్కడ చుట్టాలు లేని ఇల్లు అరుదు. మధ్యలో సాత్తూరు, ఒకటే రైలు దారి. సంక్రాంతికో పెళ్లికో వెళ్లినప్పుడు డిస్క్ ఒకటి వాళ్లింట్లో పెట్టి, వాళ్లది మీ ఇంటికి తెచ్చుకోండి. ఏడాదికి ఒకసారి రెండూ తెరిచి చూసి, కొత్తవి చేర్చి, చూసిన తేదీ డిస్క్ మీద చీటీ రాసి అంటించండి.