పాతాళగంగ లెక్క

చదరంగము మనకు క్రొత్తది కాదు. ఏనుగులు, గుఱ్ఱములు, రథములు, కాల్బలము అను నాలుగంగముల సేనను బల్లమీద నిలిపి, నెత్తురు చిందకయే యుద్ధరీతిని చూపు ఆట అది. ఏడవ శతాబ్దమున బాణభట్టు హర్షచరితములో చతురంగమును ప్రస్తావించెను. 1824 ప్రాంతమున ప్రష్యా దేశమువారు ఇట్టి ఆటనే పటముమీద ఆడించి సైనికాధికారులకు యుద్ధవిద్య గఱపిరి. అదే ఉపాయము ఊరి నీటిని కాపాడుకొనుటకు అక్కఱకు వచ్చుట మాత్రము ఇటీవలి కథ.

మన పూర్వులకు అట్టి ఆటతో పని లేకపోయెను. కడప సీమలోని పోరుమామిళ్ల చెరువు శాసనము 1369 నాటిది. బుక్కరాయల కుమారుడు భాస్కరుడు ఆ చెరువును త్రవ్వించెను. చెరువునకు కావలసిన పండ్రెండు సాధనములను, ఉండరాని ఆరు దోషములను ఆ శాసనము వివరించుచున్నది. చెరువు నీరు కంటికి కనబడును. కట్టమీద నిలిచినవాడెవడైనను ఎన్నాళ్లకు చాలునో అంచనా వేయగలడు. తూము తెఱచుటకు నీరుగంటి ఉండెను. వంతు తప్పినవానిని ఊరెల్ల నిలదీసెడిది.

బోరుబావి నీటికి కట్ట లేదు, నీరుగంటి లేడు. రాయలసీమ, తెలంగాణముల రాతినేలలో నీరు పైనున్న మెత్తని పొరయందును, క్రింది బండల బీటలయందును మాత్రమే నిలుచును. ఆ నిలువనుండియే ఇరుగుపొరుగులు తోడుకొనుచుందురు. ఒకడు లోతుగా వేయించిన, ప్రక్కవాడు అంతకంటె లోతునకు దిగును. ఎవని బోరు వానిదే. నీరు మాత్రము ఉమ్మడిది.

అమెరికాలో డెన్నిస్ మెడోస్ అను ఆచార్యుడు 1980ల దశకమున సముద్రపు చేపలనుగూర్చి ఒక ఆట కల్పించెను. అందు పడవలు పెంచుకొన్నవారు మొదట లాభపడుదురు, పిదప కడలిలో చేపలే మిగులవు. మన నేలలో 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమునందలి ఏడు కరవు జిల్లాలలో రైతులచేతనే బావుల నీటిమట్టమును, వానను కొలిపించు పథకము మొదలయ్యెను. రైతులు తమకు దక్కిన నీరెంతయో, వేయదలచిన పైరు త్రాగు నీరెంతయో సరిచూచుకొనిరి. దానిని పైరుల నీటిబడ్జెట్టు అనిరి. ఆ పిమ్మట రూత్ మైన్‌జెన్-డిక్ మొదలగు పరిశోధకులు, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అను సంస్థతో కలసి, ఆంధ్రప్రదేశపు పల్లెలలో భూజలపుటాటను ఆడించిరి.

ఆ ఆట తీరు ఇది. అయిదుగురు కూర్చుందురు. అందఱి క్రింద నున్నది ఒకే నీరు. ప్రతివాడును రెండు పైరులలో నొకదానిని గుట్టుగా ఎన్నుకొనవలెను. ఒకటి కొంచెమే త్రాగి కొంచెమే ఇచ్చును. రెండవది హెచ్చుగా త్రాగి హెచ్చుగా ఇచ్చును. నేనొక లెక్క వేసి చూపెదను. భూమిలో ఏబది పాళ్లు నీరున్నదనుకొనుడు. ఏటేట వాన అయిదు పాళ్లు చేర్చుననుకొనుడు. అందఱును మూడేసి పాళ్ల పైరు వేసిన, ఏటికి పదునైదు పోవును, అయిదు వచ్చును. అయిదవ ఏట మిగిలినవి పది పాళ్లే. పైరున కది చాలదు. అందఱును ఒక్కొక్క పాలు త్రాగు పైరు వేసిన నీరు తఱుగదు. వామనగుంటలు ఆడిన ముసలమ్మకు ఈ లెక్క చెప్పనక్కఱలేదు.

మొదటి ఆటలో మాటాడరాదు. పిదప మాటాడనిత్తురు. తుదకు ఊరివారినెల్ల కూర్చి, జరిగినదానిని చర్చింతురు. ఆటకంటె ఈ చర్చయే ముఖ్యమని నా తలంపు. చెప్పగా విననివాడు తన చేతితో ఎండగొట్టిన బావినిగూర్చి అడుగక మానడు.

2018లో ప్రకటించిన పరిశోధనములో, ఆట జరిగిన ఊళ్లు జరుగని ఊళ్లకంటె హెచ్చుగా నీటి పుస్తకములు ఉంచుటకును, నియమములు చేసికొనుటకును పూనుకొన్నట్లు తేలెను. నీటిమట్టమే పెరిగెనని దీని అర్థము కాదు. ఆటలో అప్పులవాడు వాకిట నిలువడు. వరి మాని కొఱ్ఱ వేయుమన్న రైతు, కొఱ్ఱకు ధర ఎవరు కట్టింతురని అడుగును. ఆ ప్రశ్నకు అయిదుగురి ఆటలో బదులు లేదు. దానిని సంతలోను, సర్కారు కొనుగోలులోను వెదకవలసియున్నది.