కొండమీది నోడుకు కిందినుంచి ఆజ్ఞలు

1978 మే 31న కెనడాలోని మాంట్రియల్‌లో హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియో వాళ్లు, కంప్యూటర్ అక్షరాలను చిన్న చిన్న ప్యాకెట్లుగా కట్టి గాలిలోకి వదిలారు. ఔత్సాహిక రేడియోలో ప్యాకెట్ పద్ధతి ఆరోజే మొదలైందని చెబుతారు. ఆలోచన మాత్రం అంతకు ముందుదే. 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ పేరిట దీవుల మధ్య కంప్యూటర్లను రేడియోతో కలిపింది. విశ్వవిద్యాలయంలో జరిగిన పనిని సొంత సంపాదనతో, ఇంటి డాబామీది యాంటెన్నాతో చేసి చూపడం హామ్‌ల ఘనత.

మాంట్రియల్ తర్వాత వాంకూవర్ బృందం ఒక సర్క్యూట్ బోర్డు తయారు చేసింది. కంప్యూటర్‌కూ రేడియోకూ నడుమ నిలిచి ప్యాకెట్లు కట్టే, విప్పే ఆ పరికరానికి టెర్మినల్ నోడ్ కంట్రోలర్, పొట్టిగా టీఎన్‌సీ, అన్న పేరు స్థిరపడింది. కంప్యూటర్ అక్షరాలను ఇలా గాలిలో పంపేందుకు అమెరికాలో 1980 మార్చిలో హామ్‌లకు అనుమతి వచ్చింది. అదే ఏడాది డిసెంబరు 10న హాంక్ మాగ్నస్కీ శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో ఆ దేశపు తొలి ప్యాకెట్ రిపీటర్‌ను నడిపించాడు. ఆ తర్వాత అరిజోనా రాష్ట్రం టూసాన్ నగరపు ఔత్సాహికుల సంఘం టీఏపీఆర్ రంగంలోకి దిగింది. 1985లో అది విడుదల చేసిన టీఎన్‌సీ-2 ప్రపంచమంతా పాకింది. అందులో ఉన్నది జడ్80 ప్రాసెసర్, ప్రోగ్రాం దాచే 32 కిలోబైట్ల ఈప్రామ్ చిప్, బ్యాటరీ ఆధారంతో మతిమరుపు లేకుండా ఉండే కొంత ర్యామ్. ఇక్కడి నుంచి మన కథంతా ఆ ఈప్రామ్ చుట్టూ తిరుగుతుంది.

ఈప్రామ్ నడినెత్తిన చిన్న స్ఫటికపు కిటికీ ఉంటుంది. అందులోంచి అతినీలలోహిత కాంతిని ఓ పావుగంటో ఇరవై నిమిషాలో పడనిస్తే పాత ప్రోగ్రాం చెరిగిపోతుంది. తర్వాత ప్రోగ్రామర్ యంత్రంలో పెట్టి కొత్తది ఎక్కించాలి. టీఎన్‌సీ బల్లమీద ఉంటే ఇదేమంత కష్టం కాదు. కానీ రేడియో తరంగం దూరం పోవాలంటే పరికరం ఎత్తున ఉండాలి. అందుకే ఈ పెట్టెలను కొండ శిఖరాల మీద, టవర్ల పక్కన చిన్న గదుల్లో పెట్టారు. అక్కడ ఫర్మ్‌వేర్, అంటే చిప్‌లోని ప్రోగ్రాం, మార్చడమంటే స్థలం యజమాని దగ్గర తాళం అడిగి, చలికాలమైతే మంచు కరిగేదాకా ఆగి, కొండెక్కి, చిప్ ఊడదీసి, కొత్తది గుచ్చి, అది పనిచేస్తోందో లేదో చూసుకుని దిగిరావడం. చిప్ కాళ్లలో ఒకటి వంగిందా, మళ్లీ ఎక్కాలి.

మొదట్లో కొండమీది పెట్టె చేసిన పని సులువైనదే. విన్న ప్యాకెట్‌ను మళ్లీ పలకడం, అంతే. దాన్ని డిజిపీటర్ అన్నారు. 1984 అక్టోబరులో ప్రచురితమైన ఏఎక్స్.25 అనే ప్యాకెట్ నియమావళి రెండో కూర్పు ప్రకారం ప్యాకెట్ ఎవరెవరి మీదుగా వెళ్లాలో పంపేవాడే వరసగా రాయాలి. అందింది అన్న జవాబు చివరి గమ్యం నుంచే రావాలి. ఇందులో చిక్కు ఎక్కడుందో చూడండి. మధ్యలో మూడు డిజిపీటర్లుంటే నాలుగు అంగలు. ఒక్కో అంగలో పదింట తొమ్మిది ప్యాకెట్లు క్షేమంగా చేరతాయనుకుందాం. వెళ్లడానికి నాలుగు, జవాబు తిరిగి రావడానికి నాలుగు, మొత్తం ఎనిమిది అంగలు దాటి పని పూర్తయ్యే అవకాశం నూటికి 43 మాత్రమే. దారి అంత మంచిదై ఉండి కూడా సగానికి పైగా ప్రయత్నాలు వృథా.

దీనికి 1987లో జవాబు దొరికింది. రాన్ రేక్స్, మైక్ బుష్ అనే ఇద్దరు అమెరికన్లు నెట్‌రామ్ రాశారు. టీఎన్‌సీ-2లోని ఈప్రామ్ తీసి దీన్ని గుచ్చితే అదే పెట్టె డిజిపీటర్ కాకుండా నోడ్ అవుతుంది. ప్రతి అంగలోనూ పక్క నోడే అందింది అని చెబుతుంది. ఏ దారిన ఎవరిని చేరుకోవచ్చో నోడ్‌లు గంటకొకసారి పరస్పరం చాటుకుంటాయి. పెట్టె మారలేదు, తీగ మారలేదు, యాంటెన్నా మారలేదు. చిప్‌లోని ప్రోగ్రాం మారేసరికి ఊళ్లు కలిశాయి. ఫర్మ్‌వేర్ ఎంత గొప్ప విషయమో హామ్‌లకు నిజంగా తెలిసింది అప్పుడే అని నా అభిప్రాయం. కొద్దికాలానికే జర్మనీలో దినెట్ అనే ప్రోగ్రాం ఉచితంగా వచ్చింది. అది తమ కోడ్‌కు నకలేనని నెట్‌రామ్ వాళ్లు అభ్యంతరం చెప్పడంతో పెద్ద వివాదం రేగింది. ఆ గొడవ అలా ఉండగానే దినెట్‌కు కొమ్మలు వేశాయి. బ్రిటన్‌లో డేవ్ రాబర్ట్స్ తీర్చిదిద్దిన ఎక్స్-1జె వాటిలో చాలామంది మెచ్చినది.

నోడ్‌కు తెలివి వచ్చాక దాన్ని సరిచూసుకునే అవసరమూ పెరిగింది. నోడ్స్, రూట్స్, యూజర్స్ అనే ఆజ్ఞలు ఎవరైనా ఇవ్వొచ్చు. పొరుగున ఎవరున్నారో, దారుల నాణ్యత ఎంతో నోడ్ చెబుతుంది. పార్మ్స్ అంటే పేర్లు లేని అంకెల వరుస ఒకటి వచ్చి పడుతుంది. ఏ స్థానంలోని అంకె దేనికో పక్కన కాగితం పెట్టుకుని పోల్చుకోవాలి. పట్టికలో ఎన్ని నోడ్‌లకు చోటివ్వాలి, ఎంత నాణ్యత కంటే తక్కువైన దారిని పట్టించుకోకూడదు, జవాబు రాకపోతే ఎన్ని సెకన్లకు మళ్లీ ప్రయత్నించాలి వంటివన్నీ అందులోనే. చూడటం అందరికీ, మార్చడం నిర్వాహకుడికే. హామ్‌ల మాటలో సిసాప్‌కే. మరి ఆజ్ఞ ఇస్తున్నవాడు సిసాప్ అని కొండమీది పెట్టెకు ఎలా తెలియాలి?

ఈ ప్రశ్నకు ఇంటర్నెట్ ఇచ్చే జవాబు, అంటే అంతా రహస్య భాషలోకి మార్చి పంపడం, హామ్‌లకు చెల్లదు. ఔత్సాహిక రేడియోలో అర్థాన్ని దాచే ఉద్దేశంతో సంకేత భాష వాడకూడదు. అంతర్జాతీయ రేడియో నిబంధనల్లోనూ, దేశాల సొంత చట్టాల్లోనూ ఉన్న మాట ఇది. ఈ తరంగాలు అందరివీ కాబట్టి ఎవరైనా వినగలగాలి. సంకేతపదాన్ని నేరుగా పంపితే ఊరంతా వింటుంది. దాచి పంపితే నిబంధన తప్పినట్టు. ఈ రెండింటి మధ్య సన్నని దారి ఒకటి కనిపెట్టారు.

సిసాప్ ఒక పొడవాటి అక్షరాల వరుసను ముందే నోడ్‌లో పెట్టి ఉంచుతాడు. సిసాప్ అని ఆజ్ఞ ఇవ్వగానే నోడ్ ఐదు అంకెలు పంపుతుంది. 7, 22, 3, 41, 60 అన్నదనుకోండి. ఆ వరుసలో ఏడో అక్షరం, ఇరవై రెండోది, మూడోది, నలభై ఒకటోది, అరవయ్యోది తిరిగి పంపాలి. మరోసారి అడిగితే వేరే ఐదు అంకెలు వస్తాయి. జవాబు సరైనదైనా, తప్పైనా నోడ్ ఏమీ అనదు. వింటున్న మూడోవాడికి ఆ అక్షరాలు ఒప్పో తప్పో తెలియకూడదు కదా. ఇక్కడ రహస్యమేదీ గాలిలో మూటకట్టి పంపలేదు. పంపింది గుర్తింపుకు రుజువు మాత్రమే. ఆజ్ఞలన్నీ తేటగా అందరికీ వినిపించేలా నడుస్తాయి. చట్టాన్ని ఇంత నిజాయితీగా పాటిస్తూ, ఆనాటి చిన్న చిప్‌లో ఇమిడేంత చిన్న కోడ్‌తో చేసిన ఈ ఏర్పాటు ప్యాకెట్ రేడియో చరిత్రలో నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క.

లోపం లేకపోలేదు. వరుస పొడవు 80 అక్షరాలనుకుందాం. ఒక్కో ప్రవేశంలో ఐదు బయటపడతాయి. ఓపికగా వింటూ రాసుకునేవాడికి 20 ప్రవేశాల తర్వాత సుమారు నూటికి 72 అక్షరాలు తెలిసిపోతాయి. తర్వాతి సవాలులోని ఐదూ అతనికి తెలిసినవే అయ్యే అవకాశం ఐదింట ఒకటి. 40 ప్రవేశాలైతే మూడింట రెండు. అంటే వరుసను తరచూ మార్చాలి. మార్చాలంటే కొత్త వరుసనూ గాలిలోనే పంపాలి, లేదా కొండెక్కాలి. అమెరికాలోని కాన్సాస్‌కు చెందిన కాంట్రానిక్స్ కంపెనీ తన టీఎన్‌సీల్లో ఈ ఉపాయాన్నే ఇంకొంచెం బిగించింది. ఒక వరుసకు బదులు మూడు వరుసల అంకెలు పంపుతుంది. వాటిలో నచ్చిన ఒక్కదానికి జవాబిస్తే చాలు. ఏ వరుసకు ఇచ్చారో వినేవాడికి నేరుగా తెలియదు. తర్వాతి కాలంలో ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఎఫ్‌బీబీ మెయిల్‌బాక్స్ వంటివి ఎండీ5 వంటి గణితాన్ని వాడుకున్నాయి. సవాలుకూ సంకేతపదానికీ కలిపి లెక్క తేల్చి ఆ ఫలితాన్నే పంపడంతో అక్షరాలు ఒక్కొక్కటిగా జారిపోయే బెడద తీరింది. లెక్క కంప్యూటర్ చేయాలి, చేత్తో కుదరదు.

మరోవైపు ఫిల్ కార్న్ రాసిన నోస్ ప్రోగ్రాం ప్యాకెట్ రేడియో మీద ఇంటర్నెట్ భాషనే నడిపించింది. అందులో రిమోట్ అనే ఆజ్ఞ ఉంది. దూరాన ఉన్న యంత్రాన్ని ఆపమనొచ్చు, మళ్లీ మొదలుపెట్టమనొచ్చు, నిలిచిపోయిన సంభాషణను తట్టి లేపమనొచ్చు. మొదటి రెంటికీ తాళపు మాట కావాలి. ఆ మాట ఏ ముసుగూ లేకుండా ప్యాకెట్‌లో వెళ్తుంది. ఐదు అంకెల ఉపాయం తెలిసిన లోకంలో ఇది వెనకడుగే.

గుర్తింపు సంగతి అలా ఉంచితే, ఆజ్ఞ సరైనవాడే ఇచ్చినా తప్పు ఆజ్ఞ ఇస్తే ఏమవుతుంది? రేడియో ప్రసారానికి ముందు ఆగాల్సిన వ్యవధిని మరీ తగ్గిస్తే నోడ్ పంపే ప్రతి ప్యాకెట్‌కూ తల తెగుతుంది. సరిదిద్దే ఆజ్ఞ వెళ్లాల్సింది ఆ దారినే. కూర్చున్న కొమ్మను నరుక్కోవడం అంటే ఇదే. దీని అసలు భయంకర రూపం అంతరిక్షంలో కనిపించింది. బ్రిటన్‌లోని సర్రే విశ్వవిద్యాలయం తయారుచేసిన ఉపగ్రహం యూఓశాట్-1 1981 అక్టోబరు 6న ఎగిరింది. 1982 ఏప్రిల్‌లో ఒక పొరపాటు వల్ల దాని రెండు బీకన్లూ, అంటే కిందికి సంకేతాలు పంపే ట్రాన్స్‌మిటర్లూ, ఒకేసారి మొదలయ్యాయి. వాటి హోరులో ఆజ్ఞలు వినే రిసీవర్లు చెవిటివైపోయాయి. ఆపమని చెబుదామంటే వినిపించదు. చివరికి సెప్టెంబరులో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ వద్ద 150 అడుగుల డిష్‌తో ఎంతో బలమైన సంకేతం పంపి ఆ హోరును మించి వినిపించారు. ఉపగ్రహం తిరిగి దారికొచ్చింది. అది ప్యాకెట్ నోడ్ కాదు గానీ, దూర నిర్వహణ చేసే ప్రతి హామూ చదవాల్సిన పాఠం.

1990 జనవరి 22న కౌరూ నుంచి ఏరియాన్ రాకెట్‌పై వెళ్లిన మైక్రోశాట్లు ఆ పాఠాన్ని ఆచరణలో పెట్టాయి. వాటిలో ప్యాక్‌శాట్, అంటే ఏఓ-16, భూమి మీది హామ్‌ల సందేశాలను దాచి మరోచోట దించే ఎగిరే మెయిల్‌బాక్స్. దాని రోమ్‌లో, అంటే చెరగని మెమరీలో, ఉన్నది చిన్న బూట్‌లోడర్ మాత్రమే. ఆరోగ్యం ఎలా ఉందో చెప్పడం, కింది నుంచి ప్రోగ్రాం అందుకోవడం, అంతకుమించి దానికేమీ రాదు. అసలు సాఫ్ట్‌వేర్ అంతా ప్రయోగం తర్వాత రేడియోలోనే ఎక్కించారు. అది కుప్పకూలితే బూట్‌లోడర్ మేలుకుంటుంది, మళ్లీ ఎక్కించుకోవచ్చు. చెరగని చిన్న భాగం ఒకటి, మార్చుకోదగ్గ పెద్ద భాగం ఒకటి అనే ఈ విభజన వల్లే ఆ ఉపగ్రహం ఏళ్ల తరబడి పనిచేసింది. 2008 ప్రాంతంలో పాత సాఫ్ట్‌వేర్ ఎక్కడం కుదరనప్పుడు, చిన్న కోడ్‌తో దాన్ని మాటలు మోసే రిపీటర్‌గా మార్చి మరికొంత కాలం వాడుకున్నారు. ఉపగ్రహాలకిచ్చే నియంత్రణ ఆజ్ఞలకు మాత్రం సంకేత భాషను నిబంధనలు అనుమతిస్తాయి. కొండమీది నోడ్‌కు లేని వెసులుబాటు అది.

నేలమీద గాలి ద్వారా ఫర్మ్‌వేర్ పంపడం ఎందుకు ఆలస్యమైందో ఒక చిన్న లెక్క చెబుతుంది. 32 కిలోబైట్లను సెకనుకు 1200 బిట్ల వేగంతో పంపడానికి కాగితం మీద మూడు నిమిషాల 38 సెకన్లు చాలు. కానీ ఆ ఛానల్ ఊరందరిదీ. ఒకరు పలికితే మరొకరు ఆగాలి. ప్రతి గుప్పెడు ప్యాకెట్లకూ జవాబు కోసం నిలవాలి. పోయినవి మళ్లీ పంపాలి. అంతా చేరినా ఈప్రామ్‌లోకి రాయలేరు, దానికి అతినీలలోహిత దీపం కావాలి. ఫ్లాష్ మెమరీ చవకయ్యాక, కొండమీద లైనక్స్ నడిచే చిన్న కంప్యూటర్ పెట్టడం మొదలయ్యాక గానీ ఇది వాడుకలోకి రాలేదు. ఇవాళ రాస్ప్‌బెర్రీ పై మీద జాన్ వైజ్‌మన్ రాసిన బీపీక్యూ నోడ్ నడుస్తుంది. దానిలోనూ ఐదు అంకెల సవాలు ఇంకా బతికే ఉంది.

స్టేషన్ల స్థానాన్ని, చిన్న సందేశాలను ప్యాకెట్లలో చాటేందుకు బాబ్ బ్రూనింగా రూపొందించిన ఏపీఆర్ఎస్ పద్ధతి విషయంలో దూర నిర్వహణ విలువ మరోలా తెలిసింది. 2000 తర్వాత దారి సూచించే పాత పద్ధతిని వదిలి వైడ్1-1, వైడ్2-1 వంటి కొత్త పద్ధతికి మారమని పిలుపొచ్చినప్పుడు, కింది నుంచి ఆజ్ఞ ఇవ్వగలిగిన కొండలు త్వరగా మారాయి. తక్కినవి ఎవరైనా ఎక్కేదాకా పాత పాటే పాడాయి. పెట్టిన అమరికలు నిలవకపోతే ఏమవుతుందో అంతరిక్షంలోనూ కనిపించింది. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని ప్యాకెట్ టీఎన్‌సీ బ్యాటరీ చచ్చాక కరెంటు పోయొచ్చినప్పుడల్లా సొంత కాల్‌సైన్ మరిచిపోయి నోకాల్ అని పలికేది. 

ఈప్రామ్‌లలో దాచిన విద్యుదావేశం శాశ్వతం కాదు, ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా కారిపోతుంది. కిటికీ మీది స్టిక్కర్ ఊడితే ఎండ కూడా చెరిపేస్తుంది. హైదరాబాద్‌లోనో విశాఖలోనో డాలస్‌లోనో మీ అటక మీద పాత టీఎన్‌సీ పడి ఉంటే దాన్ని తూకానికి వేయకండి. చిప్‌లో ఉన్నదాన్ని ముందు చదివించి ఫైలుగా భద్రపరచండి. ఏ కూర్పో, ఏ ఏడాదిదో పక్కన రాసి, తోటి హామ్‌లకు ఒక నకలు ఇవ్వండి.