పాటల వెనక బండలు

మా ఊరికి పాత ఫొటోలు తక్కువ. ఫొటో తీయించుకునే స్థోమత ఉన్నవాళ్లు అప్పటికింకా ఇక్కడ కాపురం పెట్టలేదు, ఉన్న మాకేమో ఆ స్థోమత లేదు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ఒకప్పుడు ఎలా ఉండేవో చూడాలంటే ఎనభైల నాటి సినిమా పాట పెట్టుకుని, హీరోహీరోయిన్లను వదిలేసి వాళ్ల వెనకాల చూడాలి. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గుండ్రాళ్లు, సీతాఫలం పొదలు, మట్టి బాట.

1960లలో ఐ.ఏ.ఎస్. అధికారి చల్లగళ్ల నరసింహం పూనుకొని జూబ్లీహిల్స్ హౌసింగ్ సొసైటీ పెట్టిన కొత్తలో, ఈ రాళ్లలో ఇల్లేమిటని జనం జంకేవారట. మద్రాసు నుంచి హైదరాబాదుకు వచ్చేసిన అక్కినేని నాగేశ్వరరావు పక్కనే బంజారాహిల్స్‌లో 22 ఎకరాల్లో కట్టిన అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో మొదలైంది. తర్వాత కృష్ణ పద్మాలయ, రామానాయుడు స్టూడియో, ఫిలిం ఛాంబరు. ఈ పేర్లు అందరూ రాసేవే. గుట్టను చదును చేసినవాళ్ల పేర్లు మాత్రం ఏ శిలాఫలకం మీదా కనపడవు. మా నాయిన వాళ్లలో ఒకడు. పాలమూరు నుంచి రాళ్లు కొట్టే పనికి వచ్చి ఫిల్మ్‌నగర్ కింది బస్తీలో గుడిసె వేశాడు.

కాలేజీ లేని రోజుల్లో నేను షూటింగులకు నీళ్లు మోసేవాణ్ణి. ఎండలో బండ మీద పాట తీయడమంటే ఏమిటో తెరమీద తెలియదు. పాట వినిపించే నాగ్రా టేపులో అదే చరణం ముక్క పదేపదే తిరుగుతుంది. రిఫ్లెక్టరు వెలుగు కళ్లలో కొడుతుంది. గ్రూప్ డ్యాన్సర్లు ఉత్త కాళ్లతో కాలే రాయి మీద నిలబడి నవ్వాలి. "కట్" అనగానే చెప్పుల కోసం పరుగు. మూడో వరుసలో ఆడే ఒకమ్మాయి చెప్పులు నేను పట్టుకుని నిలబడేవాణ్ణి. మద్రాసు కోడంబాకం నుంచి పని కోసం వచ్చి కృష్ణానగర్‌లో అద్దెకున్న కుటుంబం వాళ్లది. అరవ యాసతో తెలుగు మాట్లాడేది. నా డిగ్రీ పరీక్షల గురించి నాకంటే ఎక్కువ ఆరా తీసేది. పెళ్లి కుదిరి వెళ్లిపోయింది. నంబరు ఇచ్చిపుచ్చుకోవడానికి ఇద్దరి ఇళ్లలోనూ ఫోను లేదు.

ఉద్యోగాల మీద ఊళ్లు తిరిగి ఇప్పుడు మళ్లీ ఇక్కడికే చేరాను. జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర మెట్రో దిగితే దిక్కు తెలియలేదు. మాకు దారి చెప్పేవి బండలే, అవి లేవు. 250 కోట్ల ఏళ్ల నాటి రాళ్లంటారు శాస్త్రజ్ఞులు. నా ఒక్కడి వయసులో మాయమయ్యాయి. మేడలు కట్టుకున్నవాళ్లను తిట్టడం తేలికే గానీ, ఆ బండలు కొట్టిన కూలితోనే నేను చదువుకున్నాను.

మొన్న యూట్యూబులో ఆ అమ్మాయి ఆడిన పాట ఒకటి దొరికింది. మూడో వరుస ఒక్క క్షణం కనపడి పోతుంది. ఆపి, నాయినకు చూపించాను. ఆయన కళ్లు ఆ పిల్ల మీదికి పోనే లేదు.

"గీ బండ నాకెర్కే బిడ్డా. నడిమిట్ల పగులుండె. రెండు తూటాలకే ఇచ్చుకపోయింది. ఆ ఏడే మనింటి మీద రేకులేసుకున్నం."