కొవ్వు దారిలో గుర్తు అణువు: ఎ విటమిన్ పరిశోధనలో హైదరాబాదు

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి పల్లెల్లో పసిబిడ్డల నోట ఆరోగ్య కార్యకర్తలు ఎ విటమిన్ ద్రావణం పోయడం నేడు మామూలు దృశ్యం. రేచీకటిని, దాని వెంట వచ్చే అంధత్వాన్ని నివారించడానికి 1970లో ఇది జాతీయ కార్యక్రమమైంది. ఏడాది దాటిన పిల్లలకు ఆరు నెలలకొకసారి రెండు లక్షల యూనిట్లు ఇస్తారు. అయితే పోసినదంతా ఒంటబడుతుందా? ఈ ప్రశ్నకు జవాబు రేడియోధార్మిక సూచకాల ద్వారా లభించింది.

ఎ విటమిన్ నీటిలో కరగదు. కొవ్వుతో కలిసే పేగు గోడ దాటి, శోషరస నాళాల గుండా రక్తంలో చేరుతుంది. కనుక దాని పరిశోధన కొవ్వు జీవక్రియ చరిత్రలో భాగమే. దేహంలోని కొవ్వును గాదెలోని ధాన్యంలా కదలని నిల్వగా భావించిన కాలం ఒకటుంది. 1935లో న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో షోన్‌హైమర్, రిట్టెన్‌బర్గ్ డ్యుటీరియంతో గుర్తుపెట్టిన కొవ్వును చిట్టెలుకలకు తినిపించారు. తిన్న కొవ్వులో అధికభాగం ముందు నిల్వల్లో చేరుతోందని, నిల్వ నిరంతరం మారుతోందని తేలింది. డ్యుటీరియం రేడియోధార్మికం కాదు. 1940లో రూబెన్, కామెన్ కార్బన్-14ను కనుగొన్నాక రేడియోధార్మిక గుర్తులతో కొవ్వు జాడ తీయడం విస్తరించింది.

1918లో కూనూరులో చిన్న పరిశోధనా విభాగంగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన ప్రయోగశాలలకు 1969లో జాతీయ పోషకాహార సంస్థ అనే పేరు వచ్చింది. అక్కడి శాస్త్రవేత్తలు శివకుమార్, వినోదిని రెడ్డి 1972లో ప్రచురించిన అధ్యయనంలో పిల్లలకు గుర్తుపెట్టిన ఎ విటమిన్ ఇచ్చి, మలమూత్రాల్లోని రేడియోధార్మికతను కొలిచారు. మలంలో వెలువడనిది పేగు గ్రహించినదని లెక్క. ఆరోగ్యవంతుల్లో దాదాపు అంతా ఒంటబట్టింది. అతిసారం, శ్వాసకోశ వ్యాధులున్నవారిలో గ్రహింపు తగ్గింది. ఏలికపాములున్న పిల్లల్లోనూ ఇదే లోపం కనిపించిందని 1975లో వారే నివేదించారు. అంటే మందు ఎక్కువ అవసరమైన బిడ్డకే అది తక్కువగా అందుతోంది. రక్తంలోని విటమిన్ మోతాదును మాత్రమే కొలిస్తే, లోపం తిండిలో ఉందో, పేగులో ఉందో ఇంత స్పష్టంగా విడదీయడం కష్టం.

మోతాదు ఎంత స్వల్పమైనా, పసివారికి రేడియోధార్మిక పదార్థమివ్వడం నేటి నైతిక ప్రమాణాలకు సులభంగా ఇమడదు. ఇప్పుడు శరీరంలోని ఎ విటమిన్ నిల్వలను అంచనా వేయడానికి డ్యుటీరియం, కార్బన్-13 వంటి స్థిర ఐసోటోపులనే వాడుతున్నారు.