ధర్మాబాద్‌లో అవ్వ అరుగు

మా ఇంటి చరిత్ర రాయాలంటే అరుగు దగ్గరే మొదలుపెట్టాలి. మా ముత్తాత నిజామాబాద్ వైపు నుంచి మిర్చి బేరానికి వచ్చి ధర్మాబాద్‌లో స్థిరపడ్డారు. సికింద్రాబాద్-మన్మాడ్ రైలు మార్గం మీది ఊరు, పక్కనే బాసర. ఆయన కట్టిన ఇంటికే అవ్వ కోడలిగా వచ్చింది.

1956 నవంబర్ 1న హైదరాబాద్ రాష్ట్రం మూడు ముక్కలైంది. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లో, మరాఠీ జిల్లాలు బొంబాయిలో, కన్నడ జిల్లాలు మైసూరులో కలిశాయి. 1960లో మా ఊరు మహారాష్ట్ర అయింది. మా చుట్టాలూ అట్లే మూడు దిక్కులైనారు. నాన్న ఉద్యోగం బీదర్‌లో, అందుకే మా చదువు కన్నడ మీడియం. అవ్వ మాత్రం అరుగు వదల్లేదు.

మూడేళ్ల కింద అవ్వ మెట్ల మీద జారింది. బెంగుళూరు తీసుకుపోయాం. మా అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు, ర్యాంపు, బాత్రూంలో పట్టుకునే కడ్డీ అన్నీ ఉన్నాయి. మాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని కదా, ఒక్కొక్కటి చూసి అన్నీ పాస్ అనుకున్నాం. రెండు నెలలకు అవ్వ అన్నది: "ఈడ నన్ను పేరు పెట్టి పిలిచేటోళ్లు ఒక్కరు లేరు బిడ్డా."

2007లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 33 నగరాల్లో పెద్దల మాటలు విని, వాళ్లకు అనువైన ఊరు ఎట్లుండాలో ఒక పుస్తకం తెచ్చింది. ఎనిమిది అంశాల్లో ఇల్లు ఒకటే. నడక దారులు, రవాణా, నలుగురితో కలవడం, గౌరవం కూడా ఉన్నాయి. మేం ఇల్లు టెస్ట్ చేశాం, గల్లీని మరిచాం.

అట్లని పాత ఇల్లంతా మంచిదే అనలేం. ఎత్తు గడప, పెరట్లో దూరంగా పాయఖానా, రాత్రి చీకటి. ఇవన్నీ ముసలివాళ్లకు గండాలే.

అవ్వను వెనక్కి తెచ్చి ర్యాంపు కట్టిద్దామనుకున్నాం. అంగుళం ఎత్తుకు పన్నెండు అంగుళాల పొడవు ఉండాలన్నది లెక్క. రెండు మెట్లు కలిపి 14 అంగుళాలు, అంటే 14 అడుగుల ర్యాంపు. గల్లీలో అంత చోటు లేదు. అరుగు పగలగొట్టాలన్నాడు మేస్త్రి.

"అరుగు పోతే నేనేడ కూసోవాలె?" అన్నది అవ్వ.

ఆ మాటతో ర్యాంపు మానేశాం. రెండు మెట్లను నాలుగు చిన్న మెట్లు చేసి, కడ్డీ పెట్టించాం. పాయఖానా లోపలికి తెచ్చాం. గడప తగ్గించాం.

ఇప్పుడు పొద్దున అవ్వ అరుగు మీద ఉంటుంది. కిరాణా దుకాణం పిల్లవాడు మరాఠీలో పలకరిస్తాడు, అవ్వ తెలుగులో జవాబిస్తుంది. ఒకరోజు కనపడకపోతే ఎదురింటి వాళ్లు మాకు ఫోన్ చేస్తారు.

మీ ఇంటి పెద్దలను ఎక్కడికైనా మార్చే ముందు, ఒక్కరోజు వాళ్ల పక్కన కూర్చొని చూడండి.