చిన్న కార్తూస్, పెద్ద షక్

మొన్న మా ఆపా ఫోన్ చేసింది. గొంతులో వణుకు తెలుస్తూనే ఉంది. "అరే, నీ భాంజా బందూఖ్ కొన్నాడ్రా!" అంది.

వాడు టెక్సాస్‌లోనే పుట్టి పెరిగినవాడు. ఆపా పంపిన ఫోటో చూసి నాకూ గుండె ఝల్లుమంది. నల్లటి రైఫిల్, కిందికి వేలాడే మ్యాగజైన్. టీవీలో ఫౌజీల చేతుల్లో చూస్తామే, అచ్చం అదే. వెంటనే వాడికి ఫోన్ చేశాను. నవ్వేశాడు. "మామూ, డరో నక్కో! సూరత్ మాత్రమే ఫౌజ్‌ది. లోపల పాయింట్ ట్వంటీటూ. కొత్త ఫోను ఖరీదులో సగం కూడా లేదు" అన్నాడు.

కొనగానే పరీక్ష కూడా చేశాడట. రేంజ్‌కి వెళ్ళి, ఇసుక సంచి మీద ఆనించి, 25 గజాల దూరంలోని కాగితం మీద మూడు రకాల కార్తూస్‌లు ఐదేసి చొప్పున కాల్చాడు. ఒక రకంలో ఐదూ రూపాయి బిళ్ళంత జాగాలో పడ్డాయి. అన్నిటికన్నా చవక రకం అరచేతంత మేర చెదిరింది. ఆ డబ్బాలోని యాభైలో రెండు అసలు పేలనే లేదు. వాడికి ఇదంతా హిసాబు, ఇంజనీరింగు. ఆపా భయం వేరు. "బోరు ఎంతో ఎవడు కొలుస్తాడ్రా? దూరం నుంచి కనిపించేది సూరతే కదా. పైగా వాడి పేరు చూడు" అంటుంది.

ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఫౌజీ సూరత్ ఉండి ఫౌజీ దమ్ము లేని బందూఖ్ కథ ఇవాళ్టిది కాదు. ఆ తారీఖ్‌లో మన తాతముత్తాతలూ ఉన్నారు. అది కార్తూస్ గురించి ఎంత చెబుతుందో, ఐతబార్ గురించీ అంతే చెబుతుంది. ఎవరి చేతిలో ఏ ఆయుధం పెట్టవచ్చని హుకూమత్ నమ్మింది? ఎవరిని నమ్మలేదు?

ముందు ఆ చిన్న కార్తూస్ సంగతి చూద్దాం. 1845లో పారిస్‌లో ఫ్లోబేర్ అనే బందూఖ్‌ల కారీగర్ ఒక చిన్న లోహపు టోపీలో నిప్పు మందు పెట్టి, దాని మూతికి చిన్న గుండు బిగించాడు. ఇళ్ళలో సరదాగా నిషానా కొట్టుకోవడానికి చేసిన సామాను అది. దాన్నే పెద్దది చేసి, లోపల తూటా మందు కూడా పోసి, 1857లో అమెరికాలో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ తన మొదటి రివాల్వర్‌తో పాటు .22 షార్ట్ కార్తూస్‌ను బజారులోకి తెచ్చింది. ఇవాళ అందరూ వాడే .22 లాంగ్ రైఫిల్ కార్తూస్ 1887లో వచ్చింది.

దీన్ని రిమ్‌ఫైర్ అంటారు. ఇత్తడి గొట్టం అడుగున బయటికి పొడుచుకొచ్చిన అంచు ఉంటుంది. ఆ అంచు లోపల బోలుగా ఉంటుంది, నిప్పు మందు అందులో పూసి ఉంటుంది. ఫైరింగ్ పిన్ అంచును నలిపితే మందు అంటుకుంటుంది. నలగాలంటే ఇత్తడి పల్చగా ఉండాలి. పల్చటి ఇత్తడి ఎక్కువ ఒత్తిడికి ఆగదు. అందుకే ఈ కార్తూస్ ఎప్పటికీ చిన్నదే, చవకదే. దీని గుండు రెండున్నర గ్రాముల పైచిలుకు. పాత .303 ఫౌజీ రైఫిల్ గుండు 11 గ్రాములు. నిప్పు మందు అంచు చుట్టూ సమంగా పరుచుకోకపోతే, పిన్ ఖాళీ జాగాలో పడి కార్తూస్ పేలదు. మా భాంజాకి ఆ రెండూ మొండికేయడానికి కారణం బహుశా ఇదే.

ఆ 1857 అన్న సంవత్సరం దగ్గర ఒక్క క్షణం ఆగుదాం.

అమెరికాలో పళ్ళతో కొరికే పని లేని లోహపు కార్తూస్ అమ్మకానికి వచ్చిన అదే ఏడు, హిందుస్తాన్‌లో కంపెనీ సిపాయిలకు ఎన్‌ఫీల్డ్ రైఫిల్ ఇచ్చారు. దాని కార్తూస్ కాగితంతో చుట్టింది. కొసను పళ్ళతో కొరికి, మందును గొట్టంలో పోసి, గుండును కడ్డీతో దిగగొట్టాలి. గొట్టం లోపల మెలికలు తిరిగిన గాడులు ఉంటాయి. వాటిలోకి గుండు బిగుతుగా దిగాలి కాబట్టి కాగితానికి కొవ్వు పూసేవారు. అది పంది కొవ్వైతే ముసల్మానుకు హరామ్. ఆవు కొవ్వైతే హిందువుకు ధర్మభ్రష్టత్వం. జనవరిలో డమ్‌డమ్‌లో ఈ మాట పుట్టింది. అభ్యంతరకరమైన కొవ్వు కలవకుండా ప్రత్యేకంగా జాగ్రత్తేమీ తీసుకోలేదని తర్వాత అధికారులే ఒప్పుకున్నారు.

ఒక సంగతి మాత్రం చాలామందికి తెలియదు. గొడవ ముదరక ముందే సర్కార్ కొంత వెనక్కి తగ్గింది. కొవ్వు మీరే పూసుకోండి అంది. పళ్ళతో కొరకొద్దు, చేత్తో చింపండి అని డ్రిల్లు మార్చింది. 1857 ఏప్రిల్ 24న మీరట్‌లో మూడో బెంగాల్ లైట్ కావల్రీకి చెందిన 90 మంది ముందు పెట్టినవి కూడా పాతరకం కార్తూస్‌లే. అయినా 85 మంది ముట్టుకోలేదు. వాళ్ళలో సగానికి పైగా ముసల్మానులు. కర్నల్ ఆ రోజు పరీక్షించింది కార్తూస్‌ను కాదు, వఫాదారీని. అప్పటికే దిల్‌లో ఐతబార్ చచ్చిపోయింది. చచ్చిన ఐతబార్‌ను హుకుంతో బతికించలేరు. ఎక్కువమందికి పదేళ్ళ కఠిన ఖైదు వేశారు. మే 9న అందరి ముందూ బేడీలు బిగించారు. మర్నాడు మీరట్ భగ్గుమంది.

అక్కడినుంచి ఢిల్లీ చేరిన సిపాయిలను ఆనాటి ఉర్దూ రాతలు ఏమని పిలిచాయో తెలుసా? 'తిలంగా' అని. తొలిరోజుల్లో కంపెనీ సిపాయిలను దక్షిణాదిన, తెలుగు నేల నుంచి చేర్చుకోవడంతో ఆ పేరు వచ్చింది. తర్వాత కంపెనీ వర్దీ వేసుకున్న ప్రతివాడూ, అవధ్ వాడైనా సరే, తిలంగాయే అయ్యాడు. మన మట్టి పేరు అలా ఉత్తరాదిన సిపాయికి మారుపేరైంది.

మంట హైదరాబాద్‌కీ వచ్చింది. 1857 జూలై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల వెంట రోహిల్లాలు కోఠీలోని రెసిడెన్సీ మీద దాడి చేశారు. దాడి విఫలమైంది. మౌల్వీ సాబ్‌ను అండమాన్ పంపారు, అక్కడే ఇంతికాల్ అయ్యారు. తుర్రేబాజ్ ఖాన్ ఖైదు నుంచి తప్పించుకున్నారు గానీ 1859లో తూప్రాన్ దగ్గర పట్టుకుని చంపేశారు.

తిరుగుబాటు అణిగాక అంగ్రేజీ హుకూమత్ చేసిన మొదటి పనుల్లో ఒకటి మన కథకు మూలం. సిపాయి చేతికి మళ్ళీ బందూఖ్ ఇవ్వక తప్పదు, కానీ అసలు రైఫిల్ ఇవ్వాలంటే భయం. అందుకని ఎన్‌ఫీల్డ్ రైఫిల్ సూరత్‌లోనే కొత్త బందూఖ్ చేయించారు. అదే కర్ర, అదే తాళం, అదే సంగీన్. గొట్టం లోపల గాడులు మాత్రం లేవు, నున్నటి గొట్టం. గోరా సోల్జర్ రైఫిల్ గుండు కొన్ని వందల గజాలు గురిగా వెళ్ళేది. సిపాయి బందూఖ్ వంద గజాలు దాటితే అల్లా మీద భారమే. పరేడ్‌లో పక్కపక్కన నిలబెడితే రెండూ తోబుట్టువుల్లా కనిపిస్తాయి. లోపల వేలు పెట్టి చూసినవాడికే తేడా తెలిసేది. తోపులు కూడా దాదాపు పూర్తిగా గోరాల చేతుల్లోకి పోయాయి. ఆ తర్వాత దశాబ్దాల పాటు హిందుస్తానీ సిపాయికి అందింది గోరా వాడి వదిలేసిన ఒక తరం వెనకటి ఆయుధమే.

ఇక రయ్యత్ సంగతి. 1878 ఆయుధాల చట్టంతో హిందుస్తానీకి బందూఖ్ కావాలంటే లైసెన్సు తప్పనిసరి అయింది. యూరోపియన్లకూ ఆంగ్లో ఇండియన్లకూ మాత్రం మినహాయింపు. ఒకే వీధిలో ఒకడి తుపాకీ హక్కు, ఇంకొకడి తుపాకీ జుర్మ్.

ఇక్కడ ఒక మనిషి గురించి చెప్పాలి. ఫ్రెడరిక్ రాబర్ట్స్. 1832లో కాన్పూర్‌లో పుట్టాడు. 1857లో ఢిల్లీ ముట్టడిలో ఉన్నాడు, మరుసటి ఏడు విక్టోరియా క్రాస్ సంపాదించాడు. 1881 నుంచి 1885 దాకా మద్రాస్ ఫౌజ్‌కు కమాండర్ ఇన్ చీఫ్, ఆ తర్వాత మొత్తం హిందుస్తాన్ ఫౌజ్‌కు. దక్షిణాది సిపాయిల్లో యుద్ధం చేసే జజ్బా చచ్చిపోయిందని తీర్పు చెప్పింది ఈయనే. పోరాడే జాతులు వేరే ఉన్నాయన్న సిద్ధాంతానికి ఈయనే పెద్ద వకీలు. విచిత్రం ఏమిటంటే 1857లో మద్రాస్ ఫౌజ్ మొత్తం మీద సర్కార్ వైపే నిలబడింది. ఆ వఫాదారీకి దక్కిన ఇనామ్ ఇది! తెలుగువాళ్ళకూ దక్కనీ ముసల్మానులకూ ఫౌజ్ దర్వాజాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. సిపాయికే పేరిచ్చిన తిలంగా సిపాయిగీరీకి పనికిరానివాడయ్యాడు.

ఇదే రాబర్ట్స్ దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధం నడిపాడు. అక్కడి రైతుల నిషానా ముందు అంగ్రేజీ సోల్జర్లు తెల్లబోయారు. ఇంటికి వెళ్ళాక రాబర్ట్స్ తన ఖౌమ్‌కు చెప్పిన మాట ఒక్కటే: ప్రతి గుమాస్తా, ప్రతి కూలీ నిషానా నేర్చుకోవాలి. 1901 నుంచి అక్కడ మినియేచర్ రైఫిల్ క్లబ్బులు లేచాయి. పెద్ద రైఫిల్ ఖరీదు, దాని కార్తూస్ ఖరీదు, దానికి మైళ్ళ కొద్దీ మైదానం కావాలి. .22కైతే పొడుగాటి హాలు చాలు. 1906లో వార్ ఆఫీస్ నమూనాతో ఒక చిన్న రైఫిల్ వచ్చింది. ఒక్కో కార్తూస్ పెట్టి కాల్చే బోల్ట్ రైఫిల్ అది, సైట్లూ పట్టూ మాత్రం ఫౌజీ లీ ఎన్‌ఫీల్డ్‌ను గుర్తు చేసేలా ఉంటాయి. ఆ తర్వాత అసలు లీ ఎన్‌ఫీల్డ్‌లనే .22కి మార్చి ఫౌజ్ తాలీమ్‌కు వాడింది.

ఇదీ ఫౌజీ సూరత్ ఉన్న బలహీనమైన బందూఖే. సిపాయి చేతికిచ్చిన నున్నటి గొట్టమూ అలాంటిదే. తేడా నియ్యత్‌లో ఉంది. ఒకటి నేర్చుకోమని ఇచ్చింది, ఇంకొకటి నేర్చుకోకూడదని ఇచ్చింది. రెండు నియ్యత్‌లూ ఒకే హుకూమత్‌వి.

ఆజాదీ తర్వాత, 1948లో ఎన్‌సీసీ వచ్చాక, ఆ .22 లీ ఎన్‌ఫీల్డ్ మన పిల్లల చేతికీ వచ్చింది. మీ ఇంట్లో ఎన్‌సీసీ చేసినవాళ్ళుంటే అడగండి. నేల మీద బోర్లా పడుకుని, 25 గజాల్లో గ్రూపింగ్ కొట్టిన రోజు ఎవరూ మరచిపోరు. గ్రూపింగ్‌లో ఉస్తాద్ ముందు చూసేది గుండు మధ్యలో పడిందా అని కాదు, అన్నీ ఒక్కచోట పడ్డాయా అని. ఒక్కచోట పడితే సైటు జరిపితే సరిపోతుంది. చెదిరితే తప్పు చేతిదో, ఊపిరిదో, రైఫిల్‌దో, కార్తూస్‌దో విడివిడిగా వెతకాలి. ఒక్క గుండు చూసి రైఫిల్ మీద ఫైసలా చెప్పకూడదు. మనుషుల మీదా అంతే అనిపిస్తుంది నాకు. రాబర్ట్స్ సాబ్ దక్షిణాది మీద చేసిన పొరపాటు అదే.

భాంజాకి ఈ కథంతా ఫోన్‌లో చెప్పాను. చివర్న రెండు మాటలు అన్నాను. ఒకటి, .22 కదా అని ఖిల్వాడ్ చేయకు. 1968లో రాబర్ట్ కెన్నెడీ ప్రాణం తీసింది .22 కార్తూసే. పేలని కార్తూస్‌ను వెంటనే బయటికి లాగకు. గొట్టం నిషానా వైపే ఉంచి అర నిమిషమైనా ఆగు. రెండు, మన రసూల్ (స) నిషానా నేర్చుకోమన్నారు. బాణాలతో మస్జిదులోకో బజారులోకో వెళ్తే ముల్కులు పట్టుకోమనీ వారే చెప్పారు, ఎవరికీ గీసుకోకుండా. భాయీ వైపు ఆయుధం చూపడాన్నే మనా చేశారు. బందూఖ్ అమానత్. ఫోటోకి పోజు పెట్టే సామాను కాదు.

వాడు కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "తాళం పెట్టే పెట్టె కూడా కొన్నాను మామూ. అమ్మీ ఫోటో ఎవరికైనా పంపిందా?" అని అడిగాడు.

ఆపాకి ఫోన్ చేసి ఆ ఫోటో ఇంకెవరికీ పంపొద్దన్నాను. "నాకు వాడి మీద ఐతబార్ ఉందిరా. లోకం మీదే లేదు" అంది ఆపా.